నీళ్ల మందు

మందుల షాపు సారు పోయాడని నాయన ఫోను చేసి చెప్పినప్పుడు నాకు మొదట గుర్తొచ్చినవి ఆయన పెట్టుడు పళ్లు.

పై వరసంతా పెట్టుడు పళ్లే. మధ్యాహ్నం క్యారియరు విప్పి అన్నం తిన్నాక వాటిని నోట్లోంచి ఊడదీసి, మందు కొలిచే అవున్సు గ్లాసులో నీళ్లు పోసి అందులో వేసేవాడు. కుర్చీలోనే అరగంట కునుకు తీసేవాడు. లేచాక పళ్లు నోట్లో పెట్టుకుని, ఆ నీళ్లు గుమ్మం పక్కన పారబోసి, గ్లాసును చొక్కా అంచుతో తుడిచి అరలో పెట్టేవాడు. సాయంత్రం ఎవరైనా కడుపునొప్పి అని వస్తే అదే గ్లాసులో ఎర్ర మందు కొలిచి, అక్కడే నిలబెట్టి తాగించేవాడు. తాగినవాళ్లు మూతి తుడుచుకుని, "అబ్బ, గొంతు దిగతానే తెలస్తా ఉండాది సారూ" అని మెచ్చుకుని పోయేవాళ్లు.

చూడలేక నేను ఇంకో గ్లాసు కొనుక్కొచ్చి అరలో పెట్టాను. కొత్తది బాగుందని ఆయన పళ్లు దాంట్లోకి మార్చుకున్నాడు.

తొంభైల చివర్లో సంగతి ఇది. తిరుపతిలో ఫార్మసీ డిప్లొమా పూర్తిచేసి ఇంటికొచ్చాను. మాది పలమనేరు దగ్గర పల్లె. పలమనేరు బస్టాండు వెనక వీధిలో ఆయనకు మందుల షాపు ఉండేది. ఒక ముసలి డాక్టరు దగ్గర ఏళ్లకేళ్లు కాంపౌండరుగా చేసి, ఆ డాక్టరు పోయాక సొంతంగా పెట్టుకున్న షాపు. నడపాలంటే చదువుకున్న ఫార్మసిస్టు ఒకరు ఉండాలి కాబట్టి, నాయన వెళ్లి అడగగానే నన్ను పెట్టుకున్నాడు. నా సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి అమ్మవారి పటం పక్కన మేకుకు తగిలించాడు. పొద్దున అమ్మవారికి ఊదొత్తి తిప్పేటప్పుడు దానికి కూడా ఒక చుట్టు తిప్పేవాడు.

ఊళ్లో అందరూ ఆయన్ని సారు అనేవాళ్లు. కొండ కింది పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలు డాకటరు అనేవాళ్లు. తాను డాక్టరును కాదని ఆయన ఎవరితోనూ అనగా నేను వినలేదు.

తెల్ల టెర్లిన్ చొక్కా వేసేవాడు. జేబు చుట్టూ దగ్గుమందు మరకలు గులాబీ రంగులో, ముదురు గోధుమ రంగులో ఉండేవి. కొత్త సీసా మూత తీస్తే మూతికి అంటిన చుక్కను వేలితో తీసి నాకేవాడు. "రుచి సూడకుండా ఒకరికి మందియ్యగూడదమ్మాయ్" అనేవాడు. ఆ వేలితోనే తర్వాతి సీసా మూత తీసేవాడు. షాపులో ఎక్కడ చెయ్యి పెట్టినా జిగట. చీమలు బల్ల కింద నుంచి బారులు కట్టి పసిపిల్లల కడుపునొప్పి మందు దాకా పోయేవి. చిటికెన వేలి గోరు ఆయన పొడుగ్గా పెంచుకున్నాడు. సీసా మెడలో తేలే చీమను ఆ గోటితో తీసి పారేసి, బాలింత చేతికి సీసా అందించేవాడు. ఆమె ముఖం చిట్లిస్తే, "చీమలు తింటే కండ్లు బాగా అగపడతాయి తల్లీ" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. అందరూ నవ్వేవాళ్లు. ఆయన ముందర ముఖం చిట్లించి నిలబడటం ఎవరివల్లా అయ్యేది కాదు.

ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. పాత రోజుల్లో సీసా పక్కన మోతాదులు తెలిసేలా కాగితపు పట్టీ అంటించేవాళ్లు. ఆ పట్టీని మడిచి కత్తెరతో నాలుగు కోతలు కోసి విప్పితే గుర్తులన్నీ ఒక్క కొలతలో వచ్చేవి. నాకు ఒకసారి చేసి చూపించాడు. చేతులు వణికే వయసులో కూడా పెద్ద సీసాలోంచి చిన్న సీసాలోకి వంచితే ఒక్క చుక్క బయట పడేది కాదు. ఆ పని చేసేటప్పుడు ఆయన ముఖం శుభ్రంగా ఉండేది. అంత పనితనం ఉన్న మనిషి అట్లా ఎందుకయ్యాడా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆయన పేరు మోగింది మాత్రం దానం వల్ల. చేతిలో డబ్బు లేక చీటీ పట్టుకుని గుమ్మంలో తచ్చాడే మనిషి కనిపిస్తే ఆయనే పిలిచేవాడు. "రామ్మా, బిడ్డ జరంతో ఉంటే డబ్బులేందమ్మా, ఎత్తుకోని పో" అనేవాడు. వాళ్లు కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. హస్తవాసి గల మారాజు అనేవాళ్లు. మా నాయనకైతే ఆయన దేవుడే. మా తమ్ముడికి పసితనంలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఆయన ఇచ్చిన నీళ్లమందుతోనే బతికాడని ఇప్పటికీ చెప్తాడు. మావైపు పల్లెల్లో సీసాలో వచ్చే ఏ మందునైనా నీళ్లమందు అనే అంటారు. మాత్ర మింగితే వేడి, సూది వేస్తే నొప్పి, నీళ్లమందు మాత్రం చల్లన అని ఒక నమ్మకం.

ఆ దానం ఎక్కడి నుంచి వస్తుందో నాకు చేరిన నాలుగో నెలలో తెలిసింది.

పిల్లలకిచ్చే కొన్ని మందులు సీసాలో పొడిగా వస్తాయి. కాచి చల్లార్చిన నీళ్లు సీసా మీది గీత దాకా పోసి, బాగా కుదిపి, వారంలోపల వాడేయాలి. చదువురాని తల్లులు గీత దాకా పోయడం తెలియక షాపులోనే కలిపిమ్మంటారు. ఆ పని నాకు ఇచ్చేవాడు కాదు. "నీ చెయ్యి ఇంగా పచ్చిదమ్మాయ్" అంటూ సీసా తీసుకుని పరదా వెనక గదిలోకి పోయేవాడు. ఒకరోజు దూది కట్టలకోసం పరదా తీశాను. స్టూలు మీద పొడి మందు సీసా, దాని పక్కన కడిగిన పాత సీసా ఉన్నాయి. మడిచిన కాగితంతో పొడిని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఒంపుతున్నాడు. రెండు సీసాలనూ కిటికీ వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి, పొడి సమంగా వచ్చిందా అని చూశాడు. ఒకదాంట్లో కొంచెం ఎక్కువైనట్టుంది, గోటితో తట్టి సరిచేశాడు. తర్వాత మూలనున్న కుండలోంచి నీళ్లు ముంచి రెండింటినీ గీత దాకా నింపాడు. కాచిన నీళ్లు కాదు, కుళాయి నీళ్లు. వానాకాలం కావడంతో పచ్చగా ఉన్నాయి.

ఒక సీసా కొన్నవాళ్లకు. రెండోది దానానికి.

"సార్, ఇద్దరికీ సగమే కదా పోతుంది?" అన్నాను.

ఆయన తొట్రుపడలేదు. మూత బిగిస్తూ అన్నాడు: "ఒకరికి రొంత తగ్గితే ఇంకొకరికి రొంత దక్కుతాది. దాంట్లో తప్పేముండాది? డాక్టర్లు ఎట్లా ఎక్కువే రాస్తారు. నలపై ఏండ్లుగా సూస్తా ఉండా, మందంటే గ్లాసుడు నీళ్లు, పిడికెడు నమ్మకం. నువ్వు పుస్తకంలో సదివినావు, నేను మనిషిలో సదివినా."

ఆ రాత్రి నాయనతో చెప్పాను. కంచం ముందు నుంచి లేచినంత పని చేశాడు. "ఆయప్ప గురించి ఆ మాట ఇంగోసారి నీ నోట రాగూడదు. నీ తమ్ముడు ఎవరి మందుతో బతికినాడు? పుణ్యాత్ముడి మీద నింద ఏస్తే మనకు తగులుతాది" అన్నాడు. ఇంకో ఏడాది ఆ షాపులోనే ఉన్నాను. నా సర్టిఫికెట్టు కింద నిలబడి, ఆయన కలిపిన సీసాలు నా చేత్తో అందించాను. ఆయన మీద అసహ్యంతో ఇదంతా రాస్తున్నాను గానీ, ఆ అసహ్యంలో ఎంత భాగం ఆయనదో ఎంత నాదో పంచి చూపించమంటే నావల్ల కాదు.

ఆ ఏడాదే మునెమ్మ వచ్చింది. కొండ కింది పల్లె నుంచి, మూడేళ్ల కూతురు దేవకిని చంకనేసుకుని. పిల్లకు జ్వరం, కుడి చెవి కారుతోంది. సర్కారు ఆస్పత్రి డాక్టరు రాసిన చీటీలో పొడి మందు ఉంది. ఆస్పత్రిలో అది అయిపోయిందట, బయట కొనుక్కోమన్నారట. ఆవు ఒట్టిపోయిందని, పాల డబ్బులు లేవని, వచ్చే వారం ఇస్తానని మునెమ్మ గుమ్మంలోనే మొదలుపెట్టింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, పరదా వెనకనుంచి కలిపి ఉంచిన సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నాకేమియ్యొద్దు. బిడ్డ నవ్వితే సాలు" అన్నాడు.

ఎట్లా వాడాలో చెప్పడం నా పని. మూడు పూటలా ఒక్కో చెంచా, వేసే ముందు కుదపాలి, చివరి చుక్క దాకా వాడాలి అని చెప్పాను. మునెమ్మ మూడుసార్లు నాకే తిరిగి అప్పజెప్పింది. మర్చిపోకుండా ఉండటానికి ఏం చేస్తావంటే కొంగు చూపించింది. పొద్దున్నే కొంగుకు మూడు ముడులు వేస్తుందట, ఒక్కో పూట మందు వేసి ఒక్కో ముడి విప్పుతుందట. ఆ మాట విన్నాక కూడా నేను సీసా ఇచ్చాను. పల్చగా, లేత రంగులో ఉంది. చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది.

వారానికి మళ్లీ వచ్చింది. చెవి కారడం తగ్గలేదు. "ఇట్లాంటివి మొండివిలే తల్లీ" అని ఆయన ఇంకో సీసా ఇచ్చాడు. అది కూడా ఊరికే. "మందు తాగేదానికి ఏడస్తా ఉండాదా?" అని అడిగాను. "ల్యా అక్కా, నీళ్ల మాదిరి గటగటా తాగేస్తాది" అంది సంతోషంగా. ఆ మందు అసలు రుచి చేదు. పిల్లలు ఊస్తారు.

మూడో వారం రాలేదు. నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చింది. పిల్ల తలకు కుడివైపు జుట్టు గొరిగి ఉంది, చెవి వెనక కుట్ల మచ్చ. చెవి వెనక ఎముకకు చీము పాకి నిమ్మకాయంత వాచిందట, తిరుపతి తీసుకుపోతే ఆపరేషను చేశారట. ప్రాణం దక్కింది. ఆ చెవి ఇక వినపడదని చెప్పారట.

మునెమ్మ ఏడవడం లేదు. ఒక పని మీద వచ్చిన మనిషిలా నిలబడింది.

"సారూ, మీరు నాకొక మాట సెప్పల్ల. తిరపతి డాకటరు నన్ను తిట్నాడు. మందు సరిగా ఏసింటే ఇంతదాకా వచ్చేదే కాదంట. నేను ఒక్క పూట గూడా మరవలా సారూ. కొంగు ముడులే సాచ్చి. మా అత్త నమ్మదు, మా ఇంటాయన నమ్మడు. మందిచ్చింది మీరు. మీరు సెప్తే నమ్ముతారు. నేను సరిగానే ఏసినా గదా సారూ?"

షాపులో మేం నలుగురమే ఉన్నాం. ఆయన కుర్చీలోంచి లేచి బల్ల దాటి ముందుకొచ్చాడు. మునెమ్మ తల మీద చెయ్యి పెట్టాడు. ఆయన అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"పోనీలే తల్లీ. ఇంటి పని, గొడ్ల పని, ఆడబిడ్డవు ఒక్కదానివి ఎన్నని సూస్తావు? ఒక పూట మరిసింటావు. తల్లి మరిస్తే దేవుడు క్షమిస్తాడు. నీ మీద నాకేం కోపం లేదు."

మునెమ్మ నోరు తెరిచి ఆయన్నే చూసింది. అప్పటిదాకా ఆమె ముఖంలో ఉన్న గట్టితనం నా కళ్ల ముందే కరిగిపోయింది. "మరిసింటానా సారూ?" అంది. నిజంగా అడిగింది. తనకు తెలియనిది ఆయనకు తెలుసేమోనని అడిగింది. ఆయన తల ఊపాడు. ఆమె కూలబడి ఆయన పాదాలు పట్టుకుని అప్పుడు ఏడ్చింది. ఆయన లేవదీసి, అరలోంచి బలం టానిక్కు సీసా తీసి పిల్ల చేతిలో పెట్టాడు. దేవకి అది పట్టుకుని నవ్వింది.

నేను అక్కడే ఉన్నాను. చేతులు రెండూ బల్ల మీద ఆనించి ఉన్నాను. బల్ల జిగటగా ఉండటం కూడా గుర్తుంది.

వాళ్లు వీధి మలుపు తిరిగాక అన్నాను: "సార్, ఆ సీసాల్లో సగం మందే ఉంది. కలిపింది మీరు. ఆమె మీదికి తోస్తారా?"

ఆయన మొదట వీధి వైపు చూసుకున్నాడు. తర్వాత కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం నీళ్లే. అదే నాకు ఎక్కువ రోత పుట్టించింది. "నాకి బాధ ల్యాదనుకుంటా ఉండావా అమ్మాయ్? ఆ బిడ్డను సూస్తే నా కడుపు తరుక్కుపోతా ఉండాది. కానీ ఒక చెవి పోయిందని అంటా ఉండావే, ఈ చేత్తో ఎన్ని చెవులు నిలిచినాయో నీకు తెలుసునా? నేను తప్పు చేసినానని ఈ జనం అనుకుంటే రేపు ఎవుర్ని నమ్ముతారు? నమ్మకం పోతే మందు పని చేస్తాదా?" అన్నాడు. పక్కనున్న దగ్గుమందు సీసా మూత తీసి ఒక గుక్క తాగి, మూతి నాకి, మూత పెట్టి అమ్మకం అరలోనే తిరిగి పెట్టాడు.

నేను పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాను. తిరిగొచ్చి స్టూలెక్కి నా సర్టిఫికెట్టు మేకు నుంచి తీసుకుని ఇంటికి నడిచాను. నాలుగు రోజుల్లో ఇంకెవరిదో సర్టిఫికెట్టు ఆ మేకుకు ఎక్కిందని తర్వాత విన్నాను.

నేను మునెమ్మ పల్లెకు పోయి నిజం చెప్పలేదు. ఎవరికీ ఫిర్యాదు రాయలేదు. నాయన పరువు అన్నాడు, నేను సరే అన్నాను. రాస్తే ఆ సీసా అందించింది ఎవరని అడుగుతారన్న భయం కూడా ఉంది. తిరుపతిలో ఒక ఆస్పత్రి మందుల గదిలో ఉద్యోగం దొరికింది. పొడి మందు కలపాల్సిన ప్రతిసారీ తల్లిని ఎదురుగా నిలబెట్టి, ఆమె కళ్ల ముందే గీత దాకా పోసి చూపిస్తాను. అది నా గొప్పతనం కాదు. వేరే విధంగా కలపడం నా చేతులకు చాతకాదు.

తొమ్మిదేళ్లు గడిచాక నాయన ఫోను. "సారు పోయినాడు. నువ్వు ఆయప్ప ఉప్పు తిన్నావు. రాకుంటే బాగుండదు." వెళ్లాను.

షాపు ముందే పడుకోబెట్టారు. వీధంతా అంగళ్లు మూసేశారు. పల్లెల నుంచి ట్రాక్టర్లలో వచ్చారు. మెడ కనపడనన్ని పూలదండలు. ఇంత మంది ఒక మనిషి కోసం ఏడవడం నేను చూడలేదు. నాయన టవలు నోటికి అడ్డం పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నాకు మాత్రం సాంబ్రాణి పొగలో కూడా దగ్గుమందు వాసనే వేస్తున్నట్టుంది. ఎంతసేపటికీ పోలేదు.

గుంపులోంచి మునెమ్మ వచ్చింది. పక్కన రెండు జడలతో పొడుగ్గా దేవకి. మునెమ్మ దండ వేసి, పాదాలకు మొక్కి, చుట్టూ ఉన్న ఆడవాళ్లతో గట్టిగా అంది: "నా మరుపుకు నా బిడ్డ సెవి పాయ. అయినా ఈ మారాజు నన్ను ఒక్క మాట అన్లేదు. క్షమించి ఇడిసినాడు." వాళ్లంతా అవునవునని కొంగులు కళ్లకద్దుకున్నారు.

ఇంక నిలబడలేకపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని ఎదురుగా మూసి ఉన్న టీ అంగడి అరుగు దగ్గరికి తీసుకుపోయాను. నన్ను గుర్తుపట్టి పలకరించబోయింది. ఆపి చెప్పాను.

"మునెమ్మా, నువ్వు మర్చిపోలేదు. మందు సరిగ్గానే వేసినావు. ఆ సీసాలో సగం మందే ఉండేది, మిగతాది నీళ్లు. ఒకరి మందు ఇద్దరికి కలిపేవాడు. నేను కళ్లారా చూసినాను. తెలిసే నీ చేతికిచ్చినాను."

ఆమె కళ్లు తుడుచుకోవడం ఆపింది.

"రెండు సీసాలూనా?"

"రెండూ."

పాడె పక్కన డప్పు పలకలు మోగుతున్నాయి. "మా అత్త సచ్చేదాకా అనింది. అన్నం ముందర కూసుంటే సాలు, బిడ్డను సెవిటిదాన్ని సేస్తివి గదే అనేది. మా ఇంటాయన ఇప్పుటికీ అంటాడు. వాళ్లు అంటే అన్నారులే. నేనే నమ్మితి గదమ్మా. తొమ్మిదేండ్లుగా ఏ పూట మరిసినానా అని ఎతకతానే ఉండా" అంది. తర్వాత నా ముఖంలోకి చూసింది. "ఆ పొద్దు నేను అడిగేటప్పుడు నువ్వు ఈడనే ఉంటివి. నా ఎదురుగానే ఉంటివి."

"ఉన్నాను."

"నోరు ల్యా నీకు?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. దేవకి తల్లికి ఎడమపక్క నిలబడి ఉంది, కుడి చెవి మావైపు. పలకల మోతలో మా మాట ఒక్కటీ అందలేదు. తల్లి ముఖం చూసి భయపడింది. "ఏమంటా ఉండాదిమా ఆయక్క?" అని చెయ్యి లాగింది.

మునెమ్మ పిల్ల చుట్టూ తిరిగి ఎడమ చెవి దగ్గరికి పోయింది. పిల్ల తల్లి కంటే పొడుగైంది, భుజం పట్టుకుని వంచుకోవలసి వచ్చింది.

"నేను ఏసినాను పాపా" అంది. "మూడు పూటలా ఏసినాను. ఒక్క పూట గూడా మరవలా."

పిల్లకు అర్థం కాలేదు. సరేమా అన్నట్టు తల ఊపింది. పాడె లేచేదాకా వాళ్లు ఆగలేదు. బస్టాండు వైపు తిరిగి నడిచారు. జనాన్ని తోసుకుంటూ పోతున్న మునెమ్మ పిల్ల ఎడమ వైపు నుంచి ఒక్క అడుగు కూడా తప్పకుండా, దాని భుజం వంచుకుని వంచుకుని ఆ మాటే చెప్తూ పోవడం, మలుపు తిరిగేదాకా నాకు కనిపిస్తూనే ఉంది.